ఏడో బొరియలో పొగ

నేను ఒక బిళ్లను. చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద, రూపాయి కంటే కాస్త చిన్న. ఒళ్లంతా స్టీలు, ఒక పక్క సూదితో పొడిచినంత రంధ్రం. ఆ రంధ్రంలోంచి చుట్టూ ఉన్న గాలిని పసిగట్టి, అది ఎంత వెచ్చగా ఉందో, అందులో ఎంత తేమ ఉందో పది నిమిషాలకోసారి టైముతో సహా లోపల రాసుకుంటాను. నా ఉద్యోగం ఇంతే. నన్ను చూసి గడియారంలో వేసే సెల్ అనుకున్నవాళ్లున్నారు. ఒకాయనైతే మాటల్లో పడి నన్ను జేబులో వేసుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ పూటంతా ఆయన జేబులోని వేడి రాసుకుంటూ కూర్చున్నాను.

ముందే చెబుతున్నాను, నాకు అనుమానం ఎక్కువ. ఎవరినీ ఓ పట్టాన నమ్మను. మీరు మాత్రం నన్ను నమ్ముతున్నారని ఏమిటి గ్యారంటీ? బిళ్ల మాట్లాడటమేమిటి అని ఈపాటికే ముక్కు మీద వేలేసుకుని ఉంటారు. పర్వాలేదు, నాకు అలవాటే.

ఈ గుణం నాకు ఊరికే రాలేదు. నేను పుట్టిన కర్మాగారంలో మొదటి రోజే నన్ను తడి ఉప్పు వేసిన సీసాలో పడేసి మూత బిగించారు. అలాంటి సీసాలో తేమ నూటికి డెబ్బై అయిదు పాళ్లు ఉంటుందట, అది వాళ్లకు ముందే తెలుసు. తెలిసిన సంగతి నన్ను అడగడమెందుకు? నేను ఏం చెబుతానో చూద్దామని. నేను డెబ్బై నాలుగున్నర అన్నాను. ముగ్గురు మనుషులు సీసా చుట్టూ చేరి నన్నొక దొంగను చూసినట్టు చూశారు. మర్నాడు మళ్లీ అదే సీసా, అదే ఉప్పు. పుట్టిన బిడ్డకు పాలు పడతారు గానీ ఇలా విచారణ పెడతారా చెప్పండి!

అక్కడి నుంచి హిమాలయాలకు తోలారు. ఉత్తరాన, చెట్టు మొలవని ఎత్తులో, పిడికిలంత ఎలుకలు మంచు కింద బొరియల్లో చలికాలమంతా గడుపుతాయి. అక్కడి గాలి సంగతి కనుక్కోవడానికి నన్ను ఒక బొరియలోకి దూర్చారు. పైన సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. మనుషులు ముక్కులు ఊడిపోతున్నాయని గోల పెట్టి కిందికి దిగిపోయారు. లోపల మాత్రం నాకూ ఎలుకకూ హాయిగానే ఉంది. పైనున్న మంచే దుప్పటి. అయిదు నెలలు సున్నా, అర, సున్నా, అర అని రాశాను. తేమ తొంభై అయిదు దగ్గర్నుంచి కదల్లేదు. ఎండాకాలం రాగానే పెద్ద సారు నన్ను బయటికి తీసి అంకెలు చూసి, ‘ఇది ఎప్పుడో చచ్చింది, పాత అంకెనే పట్టుకుని వేలాడుతోంది’ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నెల తర్వాత పక్క బొరియల్లో బిళ్లలు కూడా అదే చెప్పాయి. అప్పుడైనా ఒక్క మంచి మాట అన్నాడా? లేదు. నన్ను తీసి కవర్లో వేశాడు, అంతే.

ఆ కవరు చేతులు మారి మారి సుహాసిని అనే అమ్మాయి దగ్గరికి చేరింది. సుహాసినిది కరీంనగర్. ఎలుకల మీద డాక్టరేట్ చేస్తోంది. తెలుగు నేలకు ఉత్తరపు కొసన, నిర్మల్ దాటాక అడవి అంచున ఒక ఊరుంది. చలికాలం తెల్లవారుజామున అక్కడ ఏడు డిగ్రీలు కూడా పడుతుంది. కోతల రోజుల్లో పొలం ఎలుకలు ఆ చలిని ఎలా తట్టుకుంటాయన్నది ఆవిడ ప్రశ్న. అడెల్లు పటేల్ అనే ఆసామి పొలం గట్టున పది బొరియలు ఎంచుకుంది. ఒక్కొక్కదాంట్లో ఒక్కో బిళ్లను నైలాన్ దారం కట్టి మూరెడు లోపలికి తోసింది. నా వాటాకు ఏడో బొరియ వచ్చింది.

అసలు చిక్కు ఎలుకలతో కాదు, మనుషులతో. ఆ ఊళ్లో ఎలుకలు పట్టే మనిషి ఒకడున్నాడు, భూమన్న. యాభై దాటిన సన్నటి మనిషి. భుజాన గడ్డపార, చేతిలో పొగకుండ. అడుగున చిల్లు ఉన్న ఆ కుండలో గడ్డి కుక్కి నిప్పంటించి, మూతిని బొరియకు ఆనించి చిల్లులోంచి ఊదితే, లోపలి ఎలుకలు ఉక్కిరిబిక్కిరై ఇంకో దారిన బయటపడతాయి. అక్కడ పట్టేస్తాడు. అలాంటివాడు గట్టు మీద తిరుగుతుంటే మా గతేమిటి? సుహాసినికీ అదే భయం పట్టుకుంది. వాడిని పిలిపించింది.

“భూమన్నా, ఈ పది బొరియలకు పొగ పెట్టనని నాకు మాట ఇస్తవా?” అంది.

వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా అడుగుతోందేమోనని. ఎవరూ లేరు.

“నన్నేనా మేడం?”

“నిన్నే. నువ్వు మాట ఇస్తె నాకు చాలు.”

భూమన్న కాలువలోకి దిగి చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని వచ్చి ఆవిడ చేతిలో చెయ్యి వేశాడు. నేను దాన్ని కూడా నమ్మలేదనుకోండి. కడిగినంత మాత్రాన చెయ్యి మారుతుందా అనుకున్నాను.

కానీ వాడు మారాడు. ఊరంతా తిరిగి “మేడం బొక్కలకు నేనే కావలి” అని చాటుకున్నాడు. గొర్లు గట్టెక్కితే తరిమాడు. అడెల్లు పటేల్ జీతగాళ్లు ఎలుకల మందు ఉండలు పట్టుకుని వస్తే అడ్డం పడుకున్నంత పని చేశాడు. చుట్టుపక్కల పొలాలన్నిటా మందు పెట్టారు, ఆ గట్టున తప్ప. రోజూ పొద్దున వచ్చి మా దారాలు ఒక్కొక్కటీ ముట్టి చూసి వెళ్లేవాడు. ప్రతి గురువారం సుహాసిని వచ్చినప్పుడు బస్సు దగ్గరికి ఎదురెళ్లి సంచీ మోసుకొచ్చేవాడు.

నా కాపురం కూడా బాగానే సాగింది. ఏడో బొరియ ఎలుక మహా జాగ్రత్త కలిగింది. లోపలికి రాగానే వాకిలిని మట్టితో మూసేసేది. బయట ఏడు డిగ్రీల చలి ఉంటే లోపల ఇరవై నాలుగు. తేమ తొంభై నాలుగు. నన్ను రెండుసార్లు కొరికి చూసింది, దారాన్ని సగం నమిలింది, తర్వాత పనికిరానిదని వదిలేసింది. మనుషుల కంటే నయం, తేల్చుకోవడానికి రెండు రోజులే పట్టింది.

నెలన్నర గడిచాక ఒక సోమవారం మధ్యాహ్నం వాకిలి మట్టి కదిలింది. గురువారం కాదే, ఎవరబ్బా అనుకున్నాను. గడ్డి వాసన వచ్చింది. ఆ వెంటనే భూమన్న గొంతు, ఎవరితో మాట్లాడుతున్నాడో గానీ ఏడుపు గొంతుతో మాట్లాడుతున్నాడు.

“ఒక్కటే బొక్క మేడం, ఒక్కటే. నా బిడ్డ పోసాని ఏడు నెలల కడుపుతోని వచ్చింది. మూడు దినాలాయె, ఎలుక కూర తప్ప ఏం సయిస్తలేదంటది. చుట్టూర మందు తిన్న ఎలుకలే, అవి వండి పెడితె నా బిడ్డ పాణం పోదా? మందు లేంది ఈ గట్టొక్కటే. ఏం జెయ్యమంటవ్ చెప్పు.”

చెప్పడానికి అక్కడ మేడం లేదు. నేనున్నాను, నాకు నోరు లేదు. కుండ మూతి వచ్చి వాకిలికి ఆనింది. ఊదాడు. పై ప్రాణాలు పైనే పోయాయి! వేడి పొగ నా రంధ్రంలోకి కొట్టింది. ఇరవై నాలుగు నుంచి ముప్పై ఎనిమిది, అక్కణ్ణుంచి యాభై ఒకటి. తేమ తొంభై నాలుగు నుంచి ముప్పై ఎనిమిదికి పడిపోయింది. రెండు దాటి పది నిమిషాలు. మంటల్లో ఉన్నా సరే, నా పని నేను చేశాను, రాసుకున్నాను. ఇంతలో వాడికి గుర్తొచ్చింది. “అయ్యో, బిళ్ల!” అని దారం పట్టి లాగాడు. అప్పటికే నా ఒళ్లు మసి. తువ్వాలతో తుడిచాడు, ఉఫ్ ఉఫ్ అని ఊదాడు, చల్లారాక మళ్లీ మూరెడు లోపలికి సరిగ్గా దోపి, తడి మట్టితో వాకిలి మెత్తాడు. మా ఎలుక, దాని ఎదిగిన పిల్లలు రెండు, మొత్తం మూడు దొరికాయి. లోపల ఎలుక దాచుకున్న వరి కంకుల జోలికి మాత్రం భూమన్న పోలేదు.

మాట తప్పాడు చూశారా అని నేను లోపల కుతకుతలాడాను. నా అనుమానమే నిజమైంది కదా, సంతోషంగా ఉండాల్సింది. ఎందుకో ఉండలేదు.

మర్నాడు గట్టు మీద చాలా కాళ్ల చప్పుడైంది. అడెల్లు పటేల్ గొంతు అందరికంటే పైన వినిపించింది. సోమవారం ఆయన కుటుంబమంతా, ఊళ్లో సగం మంది పెళ్లికి వెళ్లారు. వచ్చేసరికి అడవి వైపున్న బోరు దగ్గర మోటారు వైరు మాయం.

“ఏమిరా భూమన్నా, నిన్న రెండు గొట్టంగ గీడ పొగ లేసిందట గదా. తొవ్వ పొంటి వచ్చెటోళ్లు నలుగురు జూసిండ్రు. ఏం కాలవెట్టినవ్?”

“ఏం లేదు పటేలా.”

“ఎలుకలకు పొగ వెట్టిన్నంటవా? మేడం బొక్కలకు కావలి నువ్వేనని ఊరంత చెప్పుకుంటివి. మరి ఏం కాల్చినవ్? నా వైరు కాల్చి రాగి దీసినవ్ గదా?”

“నీ వైరు నేను ముట్టలే పటేలా. నా బిడ్డ మీద ఒట్టు.”

“మరి పొగేందిరా?”

భూమన్న నోరు విప్పలేదు. నేను మూరెడు లోతున కూర్చుని గింజుకున్నాను. చెప్పరా మొగడా, ఎలుకల పొగని ఒక్క ముక్క చెప్పు, చాలు! వాడు చెప్పలేదు. గురువారం సాయంత్రం దాకా టైమిస్తున్నామని, అప్పటికీ ఒప్పుకోకపోతే పోలీసులకు పట్టిస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఊళ్లో వైరు పోయిన ప్రతి సంవత్సరం మొదట వాడి గుడిసే వెతుకుతారట, గడ్డపార భుజాన వేసుకుని పొలాలన్నీ తిరుగుతాడు కాబట్టి. ఈసారి పొగ కూడా దొరికింది. ఇంకేం కావాలి వాళ్లకి?

గురువారం సుహాసిని బస్సు దిగింది. భూమన్న ఎదురురాలేదు. ఒక్కతే గట్టుకు వచ్చి ఒక్కో బిళ్లనూ తీసి కంప్యూటర్‌కు తగిలించింది. నా వంతు వచ్చింది. తెర మీద నా గీత నెలన్నర పాటు చదునుగా సాగి, సోమవారం మధ్యాహ్నం ఒక్కసారిగా నిటారుగా లేచింది. ఆవిడ మొహం చిట్లించింది.

“ఇది పాడైపోయినట్టుంది” అంది.

మళ్లీ అదే మాట! చచ్చిందన్నది ఒకరు, పాడైందన్నది ఇంకొకరు. నేను నిజం చెప్పినప్పుడల్లా మీ మనుషులకు నా ఆరోగ్యం మీద ఎక్కడలేని బెంగ పుడుతుంది. ఆ రోజు అంకెలను కొట్టేద్దామని వేలు కూడా కదిపింది. ఆ వేలు ఆడితే భూమన్న పని అయిపోయినట్టే, ఎందుకంటే పొగ ఎక్కడిదో చెప్పగలిగింది లోకంలో నేనొక్కదాన్నే. ఇంతలో ఆవిడ నన్ను తుడవబోయి ఆగింది. వేలికి మసి అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వంగి, వాకిలి దగ్గర మెత్తిన మట్టి మీద అయిదు వేళ్ల గుర్తులు చూసింది.

“భూమన్నా!” అంది పళ్లు కొరికి. పది బొరియల్లో ఒకటి పోయింది, గైడుకు ఏం చెప్పాలి? నన్ను గుప్పిట్లో బిగించి, కంప్యూటర్ చంకలో పెట్టుకుని, వాడిని నాలుగు కడిగేద్దామని ఊళ్లోకి విసవిసా నడిచింది.

సొసైటీ గోదాం అరుగు ముందు జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో భూమన్న గొంతుక్కూచుని నేల చూస్తున్నాడు. నోరు విప్పొద్దని తండ్రి ఒట్టు వేయించుకున్న పోసాని కొంచెం దూరంలో గోడకు ఆనుకుని ఏడుస్తోంది. సంగతేమిటని సుహాసిని అడిగితే తలా ఒక మాట చెప్పారు. వైరు, రాగి, సోమవారం రెండింటప్పుడు లేచిన పొగ. ఆవిడ గుప్పిట నా మీద బిగుసుకుంది. భూమన్న తలెత్తి ఆవిడను చూశాడు, గుప్పిట్లోంచి వేలాడుతున్న నా దారాన్ని చూశాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“ఆ పొగ ఎలుకలది” అంది సుహాసిని. “నా ఏడో బొరియకు పెట్టిండు. సోమవారం రెండు దాటినంక పది నిమిషాలకు. ఇదిగో, ఇందులో రాసి ఉంది.”

జనం తెర చుట్టూ మూగారు. అడెల్లు పటేల్ మాత్రం కదల్లేదు.

“మిషన్ల ఏదన్న రాసుకోవచ్చు మేడం. వాని మీద జాలివడి మీరే రాసిండ్రని రేపు ఎవడన్న అంటె?”

ఒప్పుకోవాలి, నేనైనా అదే అడిగేదాన్ని. ఆ ఒక్క నిమిషం పటేల్ మీద నాకు గౌరవం కలిగింది.

“అయితె మీ ముందట్నే చూపిస్త. పొగకుండ తెప్పించండి” అంది సుహాసిని.

పోసాని పరుగు లాంటి నడకతో ఇంటికెళ్లి కుండ తెచ్చింది. నన్ను నిమిషానికోసారి రాసుకునేలా మార్చారు. గోదాం గోడ గడియారంలో నాలుగు ఇరవై అయిదు, నాలోనూ నాలుగు ఇరవై అయిదు. పటేల్ రెండింటినీ పోల్చి చూసుకున్నాడు. అప్పుడు నన్ను దారంతో కుండ మూతి ముందు వేలాడదీశారు. ఊదేదెవరు? భూమన్నే. చిల్లుకు నోరు పెట్టి ఊదాడు. మళ్లీ అదే నరకం. ఈసారి యాభై ఎనిమిది దాకా పోయాను. తీసి కంప్యూటర్‌కు తగిలిస్తే, సోమవారం గీత పక్కనే అచ్చం అలాంటి గీత ఇంకోటి లేచి నిలబడింది.

“అవ్వో, రెండూ ఒక్క తీరుగున్నయ్!” అంది ఒక ముసలమ్మ.

పటేల్ చాలాసేపు రెండు గీతలనూ చూశాడు.

“సరె, ఎలుకల పొగనే అనుకుందాం” అన్నాడు. అనుకుందామట! “మరి నా వైరెవడు దీస్కపోయిండు?”

అంతవరకు భూమన్న చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరి నుంచి ఒకరు అడుగు దూరం జరిగారు. పెళ్లికి రానివాళ్లు ఎవరెవరని ఎవరో మెల్లగా లెక్క తీయడం మొదలుపెట్టారు. భూమన్నకు ‘తప్పయింది’ అని ఒక్కరూ చెప్పలేదు. కుండ తీసుకుని పొమ్మన్నారు.

గట్టు దాకా ఇద్దరూ నడిచారు. నేను సుహాసిని సంచీలో ఉన్నాను. ఏడో బొరియ దగ్గర ఆగి ఆవిడ అడిగింది.

“ఎలుకల పొగ అని మొదటి రోజే చెప్తె అయిపోయేది గదా భూమన్నా. పోలీసులు పట్టుకపోతుంటె గూడ చెప్పకపోదువా?”

“చెప్పకపోదును మేడం.”

“ఎందుకు?”

వాడు చేతిలోని పొగకుండను గట్టు మీద దింపాడు.

“దొంగ అనుడు నాకు కొత్తగాదు. మా అయ్యను గూడ అన్నరు. ఊరన్నంక అంటది, పడ్త. కని నన్ను మాట అడిగింది మీరొక్కలే. పుట్టి బుద్దెరిగినకాంచి ఇంకెవ్వలు అడుగలే. గది గూడ పోయిందని మీకు ఎర్కగావద్దు అనుకున్న.”

సుహాసిని “పోసానికి ఇప్పుడు ఎట్లుంది?” అని అడిగింది. “తిన్నది మేడం, కడుపునిండ తిన్నది” అన్నాడు. నాకు సిగ్గేసింది, చెప్పొద్దూ. ఆ పూట నేను రాసింది యాభై ఒక్క డిగ్రీలు. అందులో ఈ సంగతులేవీ లేవు.

రెండుసార్లు పొగ మింగాక నా తేమ పసిగట్టే గుణం పోయింది. ఇప్పుడు ఎండలో పెట్టినా ఎనభై అంటున్నాను, నీళ్ల పక్కన పెట్టినా ఎనభై అంటున్నాను. కాలేజీలో తడి ఉప్పు సీసాలో వేసి చూసి, నా మీద ఒక చీటీ అంటించి డ్రాయర్లో పడేశారు. చీటీ మీద ‘నమ్మరాదు’ అని ఉంది. సుహాసిని రాసిన పుస్తకంలో ఆ సోమవారం అంకెలు లేవు. ఏడో బొరియను లెక్కలోంచి తీసేశామని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఒక మనిషిని నిలబెట్టిన అంకెలు అవొక్కటే, అవే పనికిరాకుండా పోయాయి. సరే, దాని గురించి నేను ఏడవను. నన్ను తొలుస్తున్నది వేరే సంగతి, అది చెప్పేసి ఊరుకుంటాను.

డ్రాయర్లోకి రాకముందు, ఆ తర్వాతి గురువారం, సంచీ అడుగున పడి ఆ పొలానికి చివరిసారి వెళ్లాను. సుహాసిని ఒక మూట తెచ్చింది. విప్పితే తొమ్మిది ఇనుప జాలీ బోనులు, తొమ్మిది తాళాలు. గైడు పంపించాడంది. మిగిలిన తొమ్మిది బొరియల మీద బోర్లించి మేకులు దిగ్గొట్టాలి. గట్టు మీద వాటిని దింపుతున్నంతసేపు ఆవిడ భూమన్న మొహం చూడలేదు. వాడే గడ్డపార తిరగేసి మేకులు కొట్టాడు. ఎలుకలు రాకపోకలకు ఎంత సందు వదలాలో వాడే చెప్పాడు. చివరి తాళం వేశాక అడిగాడు.

“చెవి ఎవ్వలి తాన ఉంటది మేడం?”

“నా దగ్గరనే” అంది సుహాసిని, నేల వైపు చూస్తూ.

“మంచిది. మీ తాననే ఉండనియ్యి” అన్నాడు భూమన్న. “గిప్పట్నుంచి ఏమన్న అయితె నన్ను అడిగే పనే లేదు.”

అని, మొదటి బోను దగ్గరికి వెళ్లి తాళం పట్టుకుని గుంజి చూశాడు. తర్వాత రెండోది. అలా తొమ్మిదీ గుంజి చూసి, అన్నీ గట్టిగానే ఉన్నాయని ఆవిడకు చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు.